నిశ్శబ్ద శిల్పి హైరం పెర్సీ మాక్సిం

లోకమునకు ఉపకారము చేసినవారు రెండు తెరగులు. కొందరు అంతకు ముందు లేని వస్తువును కల్పించి ఇచ్చిపోవుదురు. మరికొందరు ఉన్న వస్తువునందలి బాధను తొలగించి పోవుదురు. మొదటివారి పేరు పదిమంది నోట నిలుచును. రెండవవారిని తలచుకొనువారు అరుదు. ఏలయన తీరిపోయిన బాధ ఎవ్వరికిని జ్ఞప్తికి రాదు. ఈ రెండవ కోవలోనివాడు అమెరికా దేశపు ఇంజనీరు హైరం పెర్సీ మాక్సిం.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవారికి మోటారు చప్పుడు క్రొత్తది కాదు. హైదరాబాదు నుండి ముంబయి దిక్కునకు సాగు 65వ నంబరు జాతీయ రహదారిపై లారీల రాకపోకలకు పగలు లేదు, రాత్రి లేదు. పొలమునందు ట్రాక్టరు, వీధియందు మోటారు సైకిలు, కరెంటు పోయినపుడు కార్ఖానాలోని డీజిలు జనరేటరు, ఇవన్నియు ఇచ్చటి చెవులకు అలవాటైన ధ్వనులే. ఈ యంత్రముల పొగగొట్టమునకు ఒకచోట ఉబ్బెత్తుగా ఇనుప డబ్బా యొకటి ఉండును. దానినే సైలెన్సరు అందురు. అది సరిగా ఉన్నంతకాలము దానిని ఎవ్వరును గమనింపరు. అది చిల్లిపడిననాడు, లేక దుడుకు కుర్రవాడెవడైన దానిని ఊడదీసి బండి నడిపిననాడు, ఊరంతయు ఉలికిపడును. ఆ డబ్బా చరిత్రలో ఒక తండ్రి కథయు, ఒక కుమారుని కథయు పెనవేసికొని యున్నవి.

తండ్రి పేరు హైరం స్టీవెన్స్ మాక్సిం. ఆయన 1840లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమున జన్మించెను. పెద్ద చదువులు లేకున్నను చేతిపనియందు అసాధారణమైన ప్రజ్ఞ గలవాడు. మొదట విద్యుద్దీపములు మున్నగు వానియందు పరిశ్రమించి, 1881లో ఐరోపాకు పోయి, పిమ్మట లండను నగరమున స్థిరపడెను. ఆయనకు జగత్ప్రసిద్ధి తెచ్చినది 1884 ప్రాంతమున నిర్మించిన మరతుపాకి. తూటా పేలినపుడు తుపాకి వెనుకకు తన్నుట అందరెరిగినదే. ఆ తన్నుడు బలమునే పనికి మలచి, కాలిన తూటా గుల్లను తానే బయటికి విసరివైచి, క్రొత్త తూటాను తానే ఎక్కించుకొని, మరల మరల పేలునట్లు ఆయన యంత్రమును కూర్చెను. నిమిషమునకు 600 తూటాలు దానినుండి వెలువడుచుండెను. ఐరోపా సామ్రాజ్యములు ఆఫ్రికా ఖండమున ఈటెలు, పాత తుపాకులు పట్టిన జనులపై ఆ యంత్రమును ప్రయోగించి రాజ్యములు గెలిచెను. 1901లో బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదు నొసగెను.

కాని ఆ కీర్తికి ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. ఏండ్ల తరబడి తుపాకుల పరీక్షలలో నిలువుటచేత ఆయన వినికిడి క్రమముగా చెడెను. ముదిమినాటికి ఆయనకు చెవుడు సంపూర్ణముగా వచ్చెను. తాను పుట్టించిన మ్రోత తన చెవులనే మ్రింగివేసెను.

ఆయన కుమారుడే మన కథానాయకుడు. పెర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్కు చెంతనున్న బ్రూక్లిన్‌లో జన్మించెను. తల్లి పేరు జేన్. తండ్రి ఐరోపాకు పోయినపుడు పెర్సీకి పండ్రెండవ ఏడు నడచుచుండెను. తండ్రి మరల ఆ ఇంటికి కాపురమునకు రాలేదు. బాలుని పెంపకము తల్లి చేతులలోనే జరిగెను. కొంటెతనము, కుతూహలము, పరికరములను చేతబట్టి చూచు అలవాటు మాత్రము తండ్రినుండియే ఆ బాలునకు సంక్రమించినవి.

పెర్సీ బోస్టను నగరమున ఆ కాలమందు నడచుచున్న మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున యంత్రవిద్య నభ్యసించి 1886లో, పదునేడేండ్లు నిండకమునుపే, పట్టము పుచ్చుకొనెను. పిదప విద్యుత్ సంస్థలలో పనిచేసి, 1892 నాటికి లిన్ అను పట్టణమున ఫిరంగి గుండ్లు చేయు కర్మాగారమునందు పర్యవేక్షకుడుగా నుండెను. జీవనము సుఖముగా గడచుచుండెను. కాని ఆయన మనస్సునకు తృప్తి లేకుండెను.

ఆ దినములలో ఆయన సైకిలుపై సేలం అను పొరుగూరికి పోయి వచ్చుచుండెడివాడు. ఇది తమిళనాటి సేలము కాదు. లిన్ పట్టణమునకు చేరువనున్న అమెరికా పట్టణము. ఒకనాటి రాత్రి ఒంటరిగా సైకిలు త్రొక్కుకొనుచు వచ్చుచుండగా, తన కాళ్లకు బదులు ఒక చిన్న ఇంజను ఈ చక్రములను త్రిప్పినచో ఎట్లుండునని ఆయనకు తోచెను. గుఱ్ఱము అలసిపోవును, రైలు పట్టాలున్నచోటికే పోవును, మనుష్యుడు తాను కోరిన వేళ, కోరిన దారిని పోగల బండి ఏదియు లేదు. ఆ కొరత తీర్చవలెనని పెర్సీ నిశ్చయించుకొనెను.

పెట్రోలు గుణము ఆయనకు అంతవరకు తెలియదు. ఒక సీసాలో కొంచెము కొని తెచ్చి, కర్మాగారమున ఖాళీగా పడియున్న ఇత్తడి తూటా గుల్ల నొకదానిని తీసికొని, అందులో కొన్ని చుక్కలు వేసి, ఆవిరి యగునట్లు దొర్లించి, అగ్గిపుల్ల గీచి చూచెను. అది పిడుగువలె పేలెను. ఆయన భయపడి మానుకొనలేదు. చుక్కలు పెంచియు, తగ్గించియు మరల మరల పరీక్షించెను. పెట్రోలు ఎక్కువైన కొలది పేలుడు ఎక్కువ కాదనియు, గాలియు పెట్రోలును ఒక పాళములో కలిసిననే శక్తి పుట్టుననియు ఆయన స్వయముగా గ్రహించెను. తండ్రి తూటాలతో చేసిన పనిని కుమారుడు తూటా గుల్లతోనే మొదలుపెట్టెను. కాని ఉద్దేశము వేరు.

తరువాత మూడు సిలిండర్లు గల చిన్న ఇంజనును తన చేతులతో నిర్మించి, వాడిన మూడు చక్రముల సైకిలు బండి నొకదానిని కొని, దానిపై అమర్చి పరీక్షలు జరిపెను. ఇక్కడ పాఠకులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లోనే మోటారు బండికి పేటెంటు పొందెను. పెర్సీ యున్న మసాచుసెట్సు రాష్ట్రమునందే స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున డ్యూర్యే సోదరులు 1893లో మోటారు బండిని నడిపిరి. ఈ సంగతు లేవియు ఆ తొలినాళ్లలో పెర్సీకి తెలియవు. తాను తప్ప లోకమున మరెవ్వరును ఈ పని చేయుట లేదని ఆయన తలచియుండెను. ఇతరులు అదివరకే కనుగొన్న దానిని మరల మొదటినుండి కనుగొనుటకు ఆయన ఎంత కాలము వెచ్చించెనో ఊహింపవచ్చును. ఒకచోటి జ్ఞానము మరియొకచోటికి చేరుటకు పుస్తకము, పత్రిక, గ్రంథాలయము ఎంత అవసరమో తెలుపుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

1895లో పెర్సీకి హార్ట్‌ఫర్డ్ పట్టణమునుండి పిలుపు వచ్చెను. అచ్చట కర్నల్ ఆల్బర్ట్ పోప్ అను ధనికుడు కొలంబియా అను పేరుగల సైకిళ్లను పెద్ద యెత్తున చేయించుచుండెను. ఆయన తన సంస్థలో మోటారు బండ్ల శాఖను తెరచి, పెర్సీని దానికి ఇంజనీరుగా నియమించెను. ఇరువదియారవ ఏట ఇట్టి అవకాశము లభించుట సామాన్యము కాదు.

అయినను ఒక చిక్కు ఎదురయ్యెను. పెట్రోలు బండి పరుగెత్తును గాని, పెద్ద మ్రోత చేయును, కంపు కొట్టును, అదరుచుండును. పేలుచున్న వస్తువుపై కూర్చుండుటకు మర్యాదస్థులు ఇష్టపడరని పోప్ భావించెనని చెప్పుదురు. అందుచేత ఆ సంస్థ మొదట విద్యుత్తుతో నడచు బండ్లకే ప్రాధాన్యమిచ్చెను. 1897 మే నెలలో కొలంబియా విద్యుత్ బండిని ప్రజలముందు ప్రదర్శించిరి. దాని రూపకల్పనయందు పెర్సీ మాక్సింది ముఖ్యపాత్ర. విద్యుత్ బండి చల్లగా, చప్పుడు లేకుండ పోవును. కాని బ్యాటరీల బరువు ఎక్కువ, పోగల దూరము తక్కువ. పెర్సీకి పెట్రోలు ఇంజనుపై నమ్మకము సడలలేదు. 1899లో కనెక్టికట్ రాష్ట్రమునందలి బ్రాన్‌ఫర్డ్‌లో జరిగిన పందెమున ఆయన స్వయముగా పెట్రోలు బండిని నడిపి గెలిచెను. చుట్టుబాటపై జరిగిన మోటారు పందెములలో అమెరికాలో అదియే మొదటిదని పేర్కొందురు. అంతకు ముందటేడే, 1898లో, ఆయనకు జోసెఫీన్ హామిల్టన్‌తో వివాహమయ్యెను.

పెట్రోలు బండి ఎందుకు అరచును? ఇది తెలిసిననే మాక్సిం చేసిన పని విలువ తెలియును. ఇంజను సిలిండరులో పిస్టను నాలుగు కదలికలు చేయును. మొదటి కదలికలో గాలిని, పెట్రోలు ఆవిరిని లోనికి పీల్చును, రెండవదానిలో నొక్కును, మూడవదానిలో నిప్పురవ్వచే అది మండి పిస్టనును త్రోయును, నాలుగవదానిలో కాలిన వాయువును బయటికి నెట్టును. ఆ నాలుగవ కదలికకై వాల్వు తెరచుకొనునప్పటికి లోపలి వాయువు ఇంకను మిక్కిలి వేడిగా, బయటి గాలికంటె అనేక రెట్లు ఒత్తిడితో ఉండును. అది ఒక్క ఉదుటున గాలిలోనికి దుముకును. ఆ దుముకుటయే చప్పుడు. నాలుగు సిలిండర్లు గల ఇంజను నిమిషమునకు 1200 చుట్లు తిరిగినచో, నిమిషమునకు 2400 సారులు, అనగా క్షణమునకు 40 సారులు, ఇట్టి చిన్న పేలుడు జరుగును. అవి ఒకదాని వెంట నొకటి వచ్చుటచే మన చెవికి ఒకే పెద్ద మ్రోతగా వినవచ్చును.

తొలినాటి మోటారు బండ్ల మ్రోతకు గుఱ్ఱములు బెదరి బండ్లను బోర్లవేయుచుండెను. పల్లెటూళ్లవారు మోటారును చూచి తిట్టుకొనుచుండిరి. పొగగొట్టమునకు డబ్బా తగిలించి మ్రోత తగ్గింపవచ్చునను ఊహ మాక్సిందే కాదు. ఇండియానా రాష్ట్రమునకు చెందిన రీవ్స్ సోదరులు 1897లోనే ఇంజను సైలెన్సరుకు పేటెంటు తీసికొనిరి. అయితే ఆనాటి డబ్బాలలో పెద్ద దోషము కలదు. మ్రోత తగ్గింపవలెనని దారిని బిగించినచో, కాలిన వాయువు బయటికి పోలేక వెనుకకే ఒత్తును. అప్పుడు ఇంజను తన బలములో కొంత ఆ వాయువును నెట్టుటకే ఖర్చుచేయును, వేడెక్కును, ఎత్తు ఎక్కలేక ఆగిపోవును. దారిని వదలు చేసినచో బండి బాగుగా పరుగెత్తును గాని మ్రోత మరల మొదటికి వచ్చును. అందుచేత చాలమంది బండివారు పొగగొట్టమునకు ప్రక్కదారి పెట్టించి, కాలితో మీట నొక్కి, ఎత్తు వచ్చినపుడు వాయువును నేరుగా వదలుచుండిరి. కొందరు డాంబికులు ఎత్తు లేకున్నను వదలుచుండిరి. ఊళ్లలో ఈ పని కూడదని అమెరికాలో అనేక పురపాలక సంఘములు శాసనములు చేసెను.

కాబట్టి సమస్య ఇది: వాయువును ఆపకూడదు, కాని దాని దూకుడును ఆపవలెను. బలమును తీసివేయక, కోపమును మాత్రము తీసివేయవలెను.

ఈ చిక్కుముడికి మాక్సిం కనుగొన్న ఉపాయము మోటారునందు కాక తుపాకియందు మొదట ప్రసిద్ధికెక్కుట చిత్రము. స్నానపు తొట్టిలో నీరు అడుగు రంధ్రముగుండ దిగిపోవునపుడు సుడి తిరుగుచు మెల్లగా పోవుటను చూచినపుడు ఆయనకు ఈ ఊహ తట్టెనని చెప్పుదురు. వాయువును తిన్నగా పోనీయక సుడులు తిరుగనిచ్చినచో, అది తన వేగమును తనలోనే ఖర్చుచేసికొని, ఆలస్యముగా, శాంతముగా వెలువడును. ఈ సూత్రముపై తుపాకి గొట్టపు కొనకు తగిలించు ఒక స్తంభాకారపు డబ్బాను ఆయన నిర్మించెను. లోపల వంపు తిరిగిన రేకులు వరుసగా ఉండును. గుండు నడుమనున్న రంధ్రముగుండ సూటిగా పోవును. వెంటనంటి వచ్చు వాయువు మాత్రము రేకుల నడుమ చిక్కి సుడులు తిరుగును. దీనికి 1909 మార్చి 30న అమెరికాలో పేటెంటు లభించెను. హార్ట్‌ఫర్డ్‌లో దీని తయారీకై ఆయన ఒక సంస్థను స్థాపించెను.

ఇక్కడ తండ్రి కొడుకుల కథ ఒక మలుపు తిరిగినది. తండ్రి తుపాకికి నోరు పెంచెను. కొడుకు తుపాకి నోరు మూయించెను. పత్రికలవారికి ఇది గొప్ప వేడుక అయ్యెను. కాని దీని వెంట ఒక నిందయు వచ్చెను. చప్పుడు లేని తుపాకి హంతకులకు ఉపకరించునని పలువురు భయపడిరి. గుండు శబ్దముకంటె వేగముగా పోవునపుడు గాలిని చీల్చుచు చేయు చిటపటను ఏ డబ్బాయు ఆపలేదు. పూర్తి నిశ్శబ్దము ఎన్నడును సాధ్యము కాలేదు. గురిపెట్టుట నేర్చుకొనువారి చెవులకు, పరిసరములవారి శాంతికి ఇది మేలుచేయునని మాక్సిం నమ్మకము. అయినను భయము తగ్గలేదు. 1934లో అమెరికా ప్రభుత్వము శాసనము చేసి, తుపాకి సైలెన్సరులు నమోదు కావలెననియు, ఒక్కొక్కటి చేతులు మారునపుడు 200 డాలర్ల పన్ను చెల్లింపవలెననియు విధించెను. ఆ దినములలో అది ఆ వస్తువు ఖరీదుకంటె అనేక రెట్లు. ఒక వస్తువు మంచిదో చెడ్డదో దానిని నిర్మించినవాని ఉద్దేశము ఒక్కటియే నిర్ణయింపజాలదు. తండ్రి జీవితమువలెనే కుమారుని జీవితమును ఈ పాఠము చెప్పుచున్నది.

అయితే ఇద్దరి నడుమ భేదము కలదు. పెర్సీ మాక్సిం తుపాకి దగ్గర ఆగిపోలేదు. తుపాకి గొట్టమునుండి వెలువడు వాయువు, ఇంజను గొట్టమునుండి వెలువడు వాయువు స్వభావమున ఒక్కటియే. ఒకటి అప్పుడప్పుడు పేలును, రెండవది ఎడతెగక పేలును. ఆయన సంస్థ మోటారు ఇంజనులకు, కర్మాగారముల ఇంజనులకు, గాలిని నొక్కు కంప్రెసరులకు సైలెన్సరులు చేయుట చేపట్టెను. క్రమముగా ఇదియే ఆ సంస్థకు ప్రధానమైన పని అయ్యెను.

సైలెన్సరు పనిచేయు తీరు పల్లెటూరివారికి సులభముగా బోధపడును. బావి మోటారు గొట్టమునుండి నీరు దబదబ దుముకును. దానిని నేరుగా మట్టి కాలువలోనికి వదలినచో కాలువ కోసికొనిపోవును. అందుచేత రైతు ముందు ఒక సిమెంటు తొట్టి కట్టును. నీరు తొట్టిలో పడి, నిలకడ పొంది, రెండవ ప్రక్కనుండి సమముగా కాలువలోనికి పారును. నీరు తగ్గలేదు, దూకుడు తగ్గినది. సైలెన్సరు డబ్బా ఆ తొట్టివంటిది. ఇరుకు గొట్టమునుండి వచ్చిన వాయువు విశాలమైన గదిలో వ్యాపించి ఒత్తిడి కోల్పోవును, రేకులకు తగిలి దారి మళ్లును, చిల్లులుగల గొట్టములగుండ కొంచెము కొంచెముగా పోవును, ఈలోపల చల్లబడును. కొన్నిటిలో ఒక శబ్దపు అల వెనుకకు తిరిగి మరియొక అలను రద్దుచేయునట్లు గదుల పొడవును కొలిచి పెట్టుదురు.

కొలిచి పెట్టుట అనుటలోనే అసలు శ్రమ ఉన్నది. గది ఎంత పెద్దది కావలెను, రేకులు ఎన్ని, చిల్లులు ఎంతెంత, ఇవి ఊహతో తేలునవి కావు. ఒక్కొక్క డబ్బాను ఇంజనుకు బిగించి నడిపి చూడవలెను. నీరు పోసిన వంకర గాజు గొట్టమును పొగగొట్టమునకు కలిపి, నీరు ఎన్ని అంగుళములు లేచెనో చూచి వెనుక ఒత్తిడిని తెలిసికొనవచ్చును. ఇంజనుకు బ్రేకు తగిలించి, బలము ఎంత తగ్గెనో కొలవవచ్చును. కాని చప్పుడును కొలుచుటకు తొలినాళ్లలో తగిన పరికరము లేదు. పరీక్షకుని చెవియే కొలమానము. ధ్వనిని అంకెలలో చెప్పుటకు డెసిబెలు అను కొలత 1920ల లోనే, అమెరికా టెలిఫోను ఇంజనీరుల కృషివలన, వాడుకలోనికి వచ్చెను. తండ్రి చెవిని పోగొట్టిన వృత్తిలోనే కుమారుడు చెవిని సాధనముగా చేసికొనెను.

తండ్రి 1916 నవంబరులో లండనులో కాలధర్మము చెందెను. అప్పటికి ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. ఆయన మరతుపాకియు, దానిని పోలిన మరతుపాకులును ఇరుపక్షముల చేతులలోను పేలుచు లక్షలకొలది యువకులను నేలగూల్చుచుండెను.

మాక్సిం మనస్సు ఒక్క విషయముతో తృప్తిపడునది కాదు. వైర్‌లెస్ వార్తలు పంపుట ఆయనకు మరియొక వ్యసనము. 1914లో ఆయన హార్ట్‌ఫర్డ్ నుండి స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వార్త పంపబోగా అది చేరలేదు. నడుమ ఊరిలోనున్న మరియొక ఔత్సాహికుడు అందుకొని తిరిగి పంపగా చేరెను. దీనినుండి ఆయనకు గొప్ప ఆలోచన కలిగెను. ఒక్కని శక్తి కొద్ది దూరమే పోవును. పలువురు చేయి చేయి కలిపినచో వార్త దేశమంతయు దాటును. క్లారెన్స్ టస్కా అను యువకునితో కలిసి ఆ యేడే అమెరికన్ రేడియో రిలే లీగు అను సంఘమును స్థాపించెను. 1925లో పారిసు నగరమున ఏర్పడిన అంతర్జాతీయ ఔత్సాహిక రేడియో సమాఖ్యకు ఆయనయే మొదటి అధ్యక్షుడు. నేడు మన దేశమున తుపానులు, వరదలు వచ్చి టెలిఫోనులు తెగిపోయినపుడు వార్తలందించు హాము రేడియోవారు ఆ సమాఖ్య పరివారమునకు చెందినవారే. చేతినుండి చేతికి వార్త సాగినట్లే గ్రంథాలయమున చేతినుండి చేతికి పుస్తకము సాగును.

1926లో సొంత కెమెరాలతో చలనచిత్రములు తీయు ఔత్సాహికుల సంఘమును సైతము ఆయన స్థాపించెను. ఇతర గోళములపై జీవమున్నదా అను విషయముపై 1933లో ఒక గ్రంథమును ప్రకటించెను. పట్టణ జీవితపు రొద దినదినము పెరుగుట చూచి, గది కిటికీకి అమర్చిన గాలి వచ్చునట్లును, వీధి చప్పుడు రాకుండునట్లును చేయు పరికరమును ఆయన సంస్థ 1930ల లో తయారుచేసెను. శబ్దమును వెదకి వెదకి అణచుట ఆయన వ్రతమైనట్లుండెను.

జీవితపు చివరి దినములలో ఆయన రెండు గ్రంథములు రచించెను. ఒకటి తన తండ్రిని గూర్చినది; 1936లో వెలువడెను. తనను, తల్లిని విడిచిపోయిన తండ్రిని గూర్చి కోపము చూపక, ఆ మహామేధావి విపరీతపు చేష్టలను నవ్వు పుట్టించునట్లు, ప్రేమతో చిత్రించెను. దాని ఆధారముగా 1946లో చలనచిత్రము సైతము తీసిరి. రెండవది తొలినాటి మోటారు బండ్ల అనుభవములను గూర్చినది. అది 1937లో, ఆయన మరణానంతరము అచ్చయ్యెను. తూటా గుల్లలో పెట్రోలు చుక్కలు వేసి పరీక్షించిన కథ లోకమునకు తెలిసినది ఆ గ్రంథమువలననే.

1936 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని నక్షత్రశాలను చూడవలెనని రైలుపై పోవుచు దారిలో ఆయన జబ్బుపడెను. కొలరాడో రాష్ట్రమున లా హుంటా అను ఊరిలో దింపి చికిత్స చేసిరి గాని ఫలింపలేదు. ఫిబ్రవరి 17న, అరువదియారవ ఏట, ఆయన కన్నుమూసెను. మేరీలాండ్ రాష్ట్రమునందలి హేగర్స్‌టౌనులో ఆయన సమాధి కలదు.

మాక్సిం పని పూర్తియైనదని చెప్పరాదు. సైలెన్సరు చప్పుడును అణచినది గాని పొగలోని విషమును అణచలేదు. 1920ల నుండి పెట్రోలులో సీసము కలుపుచు వచ్చిరి. మన దేశమున 2000లో గాని అది పూర్తిగా మానలేదు. పొగలోని విషవాయువులను మార్చు కాటలిటిక్ కన్వర్టరు డబ్బాలు 1995 నుండి మన మహానగరములలోని క్రొత్త కార్లకు వచ్చినవి. నేటి పొగగొట్టమునకు రెండు బాధ్యతలు: నోరు తగ్గించుట, ఊపిరి శుభ్రపరచుట.

మన దేశపు మోటారు వాహనముల నిబంధనలు, 1989, ప్రతి మోటారు వాహనమునకు సైలెన్సరు ఉండవలెనని విధించుచున్నవి. 2000లో వచ్చిన ధ్వని కాలుష్య నియమముల ప్రకారము నివాస ప్రాంతమున పగలు 55, రాత్రి 45 డెసిబెలులు మించరాదు. ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు, న్యాయస్థానములకు చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ప్రకటింపవచ్చును. శాసనము కాగితముపై ఉన్నది. దానిని పాటించుట బండి నడుపువాని మర్యాదపై ఆధారపడియున్నది. సైలెన్సరు ఊడదీసి వీధిలో తిరుగువాడు తన బండి బలము పెరిగినదని తలచును. పెరిగినది చప్పుడు మాత్రమే.

కాలచక్రము తిరిగి, కర్నల్ పోప్ కోరిన విద్యుత్ బండ్లు మరల వీధులలోనికి వచ్చినవి. వానిలో పేలుడు లేదు, పొగగొట్టము లేదు, సైలెన్సరు లేదు. అవి ఎంత నిశ్శబ్దముగా పోవుననగా, పాదచారులకు తెలియుటకై మెల్లగా పోవునపుడు కొంత ధ్వని చేయవలెనని ఐరోపా దేశములు 2019 నుండి నియమము పెట్టినవి. ఎంత శబ్దము మనుష్యునకు కావలెను, ఎంత వలదు అను ప్రశ్న నేటికిని తీరలేదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకువారు మన ప్రాంతమునుండియే రావచ్చును. జహీరాబాదులో ట్రాక్టరులు తయారగుచున్నవి. కంది వద్ద ఐ.ఐ.టి. ప్రాంగణమున, నడుపువాడు లేకుండ పోవు వాహనములను పరీక్షించు క్షేత్రము 2022లో ప్రారంభమయ్యెను. ఈ గ్రంథాలయమున కూర్చుండి చదువుచున్న బాలబాలికలకు ఆ ద్వారములు దూరములో లేవు. పెర్సీ మాక్సింకు తొలినాళ్లలో దొరకని సౌకర్యము, అనగా ఇతరులు ఎంతవరకు వచ్చిరో తెలిసికొను సౌకర్యము, వీరికి ఈ బల్లలపైననే లభించుచున్నది. రహదారిపై లారీలు పోవుచుండగా ఈ గదిలో ఒకడు పుస్తకము విప్పి చదువుకొనగలుగుచున్నాడన్నచో, ఆ లారీల అడుగున వ్రేలాడు ఇనుప డబ్బాలకును అందులో కొంత భాగము కలదు.